పాలడబ్బాకు ఇరవై చీటీలు

మందులంగడికి పోయిరావడం ఒక విద్య. ఆళ్లగడ్డలో మా వీధి మొత్తానికి ఆ విద్య నాకొక్కదానికే వచ్చునని ఇప్పటికీ గట్టిగా చెబుతాను. సీసా మనదే తీసుకుపోవాలి, లేకపోతే మందు ధర మీద సీసా ధర కూడా వేస్తారు. దాన్ని వేణ్ణీళ్లతో కడిగి ఎండలో బోర్లించి, బిరడా సహా పట్టుకుపోతే వాళ్లు మారు మాట్లాడరు. పళ్లపొడి డబ్బా మూతలో ఉండే అట్టముక్కను పారేయకూడదు. అవి కొన్ని పోగైతే కంపెనీవాళ్లు చిన్న అద్దం ఇస్తారు. నేను బొట్టు పెట్టుకునే అద్దం అట్లా వచ్చిందే.

ఇదంతా మా అమ్మ నేర్పింది. నంద్యాలలో మా నాయన బియ్యం మిల్లులో గుమాస్తా. ఆ జీతంలో ఇంటిల్లిపాది దగ్గులూ జ్వరాలూ వెళ్లదీయాలంటే ఈ విద్య రాక తప్పదు. పెళ్లయి ఆళ్లగడ్డకు వచ్చినప్పుడు నా సారెతో పాటు ఒక సంచీ నిండా ఖాళీ సీసాలు వచ్చాయి. మా అత్త సంచీ విప్పి చూసి, "ఏందమ్మే, మీ నంద్యాల్లో ఆడబిడ్డకు సీసాలు పెట్టి పంపుతారా?" అనింది. ఏడాది తిరక్కుండానే ఆమె ఆముదమూ నెయ్యీ ఆ సీసాల్లోనే పోసుకుంది.

నయాపైసలు కొత్తగా వచ్చి, అణాల లెక్కతో జనం తలలు పట్టుకుంటున్న రోజులవి. బస్సులు ఆగే చోట ఒక సాయిబు కొత్తగా మందులంగడి పెట్టాడు. ఊళ్లో అప్పటికే ఒక పాత అంగడి ఉంది. అలవాటు కొద్దీ అందరూ అటే పోతున్నారని ఈయన ఒక ఉపాయం చేశాడు. రూపాయి సరుకు కొన్నవాళ్లకు అగ్గిపెట్టె అంత గులాబీరంగు చీటీ ఇచ్చేవాడు. దాని మీద గుండ్రంగా అంగడి ముద్ర, అందులో ఉర్దూ అక్షరాలు. అట్లాంటివి ఇరవై తెస్తే ఒక చిన్న పాలడబ్బా ఊరికే ఇస్తానని, అట్ట మీద తెలుగులో రాసి తలుపు పక్కన వేలాడదీశాడు. చదివినవాళ్లు తక్కువ, చదివి నమ్మినవాళ్లు ఇంకా తక్కువ. నేను చదివాను, నమ్మాను, లోపలికి పోయి అడిగి ఖాయం చేసుకున్నాను.

నాకు ఆ పాలడబ్బా నిజంగానే కావాలి. నంద్యాలలో పురుడు పోసుకుని పాపతో అత్తింటికి వచ్చిన కొన్నాళ్లకే నాకు చలిజ్వరం పట్టుకుని పాలు తగ్గిపోయాయి. ఇంట్లో బర్రె ఉంది గానీ, ఎన్ని నీళ్లు కలిపినా ఆ పాలు పాపకు పడలేదు. తాగిందంతా కక్కేది. చేతులు పుల్లలయ్యాయి, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది. పుట్టింటికి తీసుకుపోతే నంద్యాల లేడీ డాక్టరు డబ్బాపాలు పట్టమంది. మా నాయన ఒక పెద్ద డబ్బా కొనిపెట్టి మమ్మల్ని బస్సెక్కించాడు. ఆ పాలతో పాప తేరుకుంది, నన్ను చూసి నవ్వడం కూడా మొదలుపెట్టింది. డబ్బా అడుగు కనిపించే కొద్దీ నాకు భయం పట్టుకుంది.

ఇంట్లో దుడ్లన్నీ మా మామ చేతిలో ఉండేవి. మా ఆయన ప్యాపిలి దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయన జీతం కూడా వచ్చినట్టే వచ్చి మామ పెట్టెలోకి పోయేది. ఒకసారి అడిగి చూశాను.

"ఇంట్లో పాడి పెట్టుకొని పాలు కొనేదేందమ్మా? నలుగురు వింటే నవ్వుతారు," అని ఆయన కండువా దులుపుకుని లేచిపోయాడు.

రెండోసారి అడగడం నాకు చేతకాని పని. చీటీలు కూడబెట్టడం చేతనైన పని. అయితే మా ఇంటి మందులతో ఇరవై చీటీలు పోగు చేయాలంటే పాప పెళ్లీడుకు వస్తుంది. అందుకని వీధి మందులన్నీ నెత్తిన వేసుకున్నాను. "అంగడికి పోతాండా, ఏమన్నా తేవాల్నా?" అని గడపగడపకూ అడిగేదాన్ని. ఎదురింటామె కొడుక్కి జ్వరం మాత్రలు, మూలింటి అవ్వకు కీళ్లనొప్పుల తైలం, ఇంకొకరికి గజ్జి మలాము. ఎవరిదైనా రూపాయికి తక్కువైతే ఇద్దరివి కలిపి ఒకే బేరం చేసేదాన్ని. దుడ్లు వాళ్లవి, మందు వాళ్లది, చీటీ నాది. నయాపైసతో సహా చిల్లర అప్పజెప్పేదాన్ని కాబట్టి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజుల్లో నేను నేల మీద నడిచానంటే నమ్మలేను, అంత హుషారుగా ఉండేది.

పాపను చంకనేసుకుని, చదువు రాని మా అత్త కూడా వెంట వచ్చేది. సాయిబు చీటీ నా చేతిలో పెడుతూ ప్రతిసారీ, "జోపానంగా పెట్టుకోమ్మా, పారేసుకుంటే నేనేం చేయలేను," అనేవాడు. మా అత్త ఆ మాట శ్రద్ధగా వినేది. నేను ఇంటికి రాగానే చీటీని నా పెట్టెలో, పట్టుచీర మడతలో పెట్టి తాళం వేసేదాన్ని. అదీ, తాళంచెవి ఎక్కడ దాస్తానో కూడా ఆమె చూసేది. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే మామ చెవిన పడుతుందని నా భయం.

మా వైపు చీటీ అంటే ఒకటే కాదు. డాక్టరు రాసేది చీటీ, నెలనెలా పాట పాడుకునేది చీటీ, దర్గా దగ్గర సాయిబులు మంత్రించి రాసిచ్చేదీ చీటీయే. బిడ్డకు జ్వరమొచ్చినా, జడుసుకున్నా ఆ చీటీని గుడ్డలో కుట్టి, నల్లదారంతో జబ్బకు కడతారు. ఆ మతం ఈ మతం అని లేదు, అందరూ కట్టించుకునేవాళ్లే. మా మందుల సాయిబు తాత ఆ చీటీలకు చుట్టుపక్కల పేరుపడినవాడు. అట్లాంటివాడి మనవడు అంగడి పెట్టి, మందుతో పాటు ఉర్దూ ముద్ర వేసిన చీటీ ఇస్తూ, జోపానమని చెబుతుంటే మా అత్త ఏమనుకోవాలి? మందు ఒంటికి, చీటీ సోకిన గాలికి అనుకుంది. కోడలు మాత్రం వాటిని బిడ్డకు కట్టకుండా పెట్టెలో తాళమేసుకుంటోంది.

ఇరవయ్యో చీటీ చేతికొచ్చిన రోజు నేను ఒక్కదాన్నే అంగడికి పోయాను. ఇంటికి వచ్చి, దాన్ని మిగతా వాటితో కలుపుదామని పెట్టె తీస్తే పట్టుచీర మడతలో ఏమీ లేదు. చీర మొత్తం విప్పి దులిపాను. వంటింట్లో డబ్బాపాలు ఆ పూటకూ మరుసటి పూటకూ వచ్చేటంత ఉన్నాయి.

"అత్తా, నా పెట్టెలో చీటీలు యాడికి పోయినాయి?"

ఆమె బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి నా కళ్లలోకి చూసింది.

"నేనే తీసినా. పసిది ఇప్పుడిప్పుడే తేరుకుంటాంది, దానికి ఒగటన్నా కట్టినావా? పట్టుచీరకు జ్వరమొచ్చిందా, దాని మడతలో పెడతాండావు?"

"యాడ పెట్టినావు అవన్నీ?"

"పాపకు కట్టినా. బర్రెకు కట్టినా. తక్కినవి వీధిలో ఇచ్చేసినా. వాళ్ల దుడ్లతో కొన్న మందు మీద వచ్చిన చీటీలు వాళ్ల బిడ్డలకు గాక నీకెందుకు?"

పాప జబ్బకు వేలాడే పసుపు మూటను నేను దర్గా చీటీ అనుకున్నాను. న్యాయం ఆమె వైపు కొంత ఉందని తెలుస్తూనే ఉంది. అయినా నాకు ఒళ్లు మండిపోయింది.

"అవి మంత్రం చీటీలు కాదత్తా. ఇరవై ఇస్తే పాలడబ్బా ఇస్తాడు. పాపకోసరం కూడబెడితి."

ఆమె లేచి వంటింట్లోకి పోయి, పాలడబ్బా వంచి అడుగు చూసింది. మూత పెట్టి, పాపను ఎత్తుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"పా," అనింది.

మొదట ఎదురింటికి పోయాం. ఆమె కొడుకు జబ్బకు మా చీటీ పసుపు గుడ్డలో వేలాడుతోంది. చీటీ కట్టిన మర్నాడే జ్వరం దిగిందట. నేను తెచ్చిన మాత్రల ఊసే లేదు. వెనక్కిమ్మంటే ఆమె బిడ్డను దగ్గరకు లాక్కుంది.

"ఇచ్చినాక మల్లా జ్వరమొస్తే?"

"దీంట్లో సత్తువ అయిపోయిందే. ఇంగ ఉంచుకుంటే పనిచేయదు. సాయిబుకు ఇచ్చేయాల," అనింది మా అత్త.

మా అత్త నోట అబద్ధం రాదని నాకు పెళ్లికి ముందే చెప్పారు. ఆ పొద్దు ఇంటికొకటి చొప్పున ఆడింది, ఎక్కడా తడబడకుండా. ఒక ఇంట్లో వాళ్లు, ఇంత తొందరగా సత్తువ పోయే చీటీ ఎందుకు ఇచ్చినావని దులిపేశారు. ఆమె మాటపడింది గానీ చీటీ వదల్లేదు. పదిమందిలో తల ఎత్తుకుని తిరిగే మనిషి అట్లా గడపగడపా ఎక్కి దిగుతుంటే, నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. బర్రె ఒక్కటే కాసేపు మొరాయించింది. దాని కొమ్ము దగ్గర దారం తెంపేసరికి నా చీర చెంగు చిరిగింది.

అంగడి మెట్ల మీద కూర్చుని ఇద్దరం కుట్లు విప్పాం. చీటీలకు పసుపంటింది, చెమట పట్టింది, ఒకదానికి పేడ వాసన. సాయిబు బల్ల మీద వాటిని పరుచుకుని ఎగాదిగా చూశాడు.

"ఏందమ్మా ఇది? కాగితాలకు సమర్త చేసినారా?"

నవ్వే ఓపిక నాకు లేదు. ఆయన లెక్కపెట్టాడు. పందొమ్మిది. నేను లెక్కపెట్టాను. పందొమ్మిదే. నా చేతిలోని కొత్త చీటీ కూడా అందులో కలిసే ఉంది.

"ఇంగొకటి తెచ్చుకోండమ్మా. డబ్బా మీ పేరున పక్కన పెడతా," అన్నాడు ఆయన మెత్తగానే.

ఇంకొకటంటే ఇంకో రూపాయి బేరం. మా వీధిలో ఆ పూట అందరూ నిక్షేపంగా ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది, వచ్చిన ఏడుపును ఆపుకోవడానికి అల్మారాలో సీసాల వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఒగటి బిడ్డ తాగింది," అనింది మా అత్త.

సాయిబుకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"తాగేదేందమ్మా?"

"నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పట్టిచ్చినా. మీ తాత ఇచ్చిన చీటీలు అట్లనే పట్టిచ్చేవాళ్లం. నా కొడుకు బతికింది ఆ నీళ్లతోనే." పాపను చంక దించి, ఆ పందొమ్మిది చీటీల పక్కన బల్ల మీద కూర్చోబెట్టింది. "నీ ముద్ర దీని కడుపులో ఉండాది. లెక్కలో ఏసుకోప్పా."

సాయిబు పాపను చూశాడు, మా అత్తను చూశాడు. పాప చేతికందిన చీటీని నోట్లో పెట్టుకోబోతే గబుక్కున లాక్కుని, మిగతావాటితో కలిపి గల్లాపెట్టెలో వేశాడు. తర్వాత అల్మారాలోంచి పాలడబ్బా తీసి, తుడిచి, పాప ముందు పెట్టాడు.

"ఇరవై," అన్నాడు.

మామ కంట పడకుండా డబ్బాను మా అత్తే కొంగు కింద పెట్టుకుంది. నేను పాపను ఎత్తుకుని పక్కనే నడిచాను. మా వీధి మలుపు దగ్గర ఆమె ఆగింది.

"ఇది ఎన్నాళ్లొస్తాది?"

"పది పన్నెండు దినాలత్తా."

ఆమె మనసులో ఏదో లెక్క వేసుకుంది. "మన వీధి నీకు చాలదు," అనింది. "పైవీధిలో నా మాట వింటారు. పొద్దున్నే నేను పోయి అడిగొస్తా, మందులు ఎవురికి కావాల్నో."