ముక్కుపుడక రాయి

ఈ రోజు మా అమ్మాయితో నిజామాబాద్‌లో నగల దుకాణానికి వెళ్లాను. పోయిన ఏడాది చనిపోయిన నా భార్య ముక్కుపుడకను తను పెట్టుకుంటానంది. రాయి మాత్రం పచ్చగా, మసకగా ఉంది.

"బాపు, ఇది ఉత్త అమెరికన్ డైమండే. తీసేసి ల్యాబ్‌ల చేసిన వజ్రం పెట్టించుకుంట. అది గూడ అసలు వజ్రమే గద" అంది.

దుకాణం ఆయన భూతద్దంలో చూసి నవ్వాడు. "రాయి రంగు గాదు బిడ్డా, అంటిన పసుపు. వజ్రానికి జిడ్డు మస్తు అంటుకుంటది. కడిగితెనే అసలుదో కాదో మిషన్ల పెట్టి చెప్పొచ్చు. కడగాల్నా సార్?"

నా భార్య కోటగిరి ఊరి మనిషి. ముఖానికి పసుపు రాసుకోని శుక్రవారం లేదు. ఆ పసుపును ఓసారి వేలితో తడిమాను. అమ్మాయి ముఖం చూసి సరేనన్నాను.

కడిగాక రాయి తళుక్కున మెరిసింది. ఆయన మిషన్‌లో పెట్టి చూశాడు. ల్యాబ్‌ది కూడా కాదు, భూమిలో పుట్టిన వజ్రమేనట. అలాంటివాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటేనట. అంతటిదాన్ని ముక్కున పెట్టుకుని ఆమె రోజూ మా ఇంట్లో అన్నం వండింది.

అమ్మాయి అద్దం ముందు మురిసిపోతోంది. ఆ రాయి ఇంకో వంద కోట్ల ఏళ్లయినా ఉంటుంది. కడిగిన పచ్చటి నీళ్లను ఆయన పారబోశాడు.

మీరైతే కడగమనేవారా?