బాపు మగ్గం దగ్గర ఏడో తరగతి

చదువుకున్నవాళ్లం అసూయపడ్డామని ఒప్పుకోం. "ఆమె పద్ధతి నాకు నచ్చలేదు" అంటాం. నేను కూడా చాలాకాలం అట్లాగే అంటూ వచ్చాను. ఇప్పుడు ఉద్యోగం చివరికొచ్చింది, ఇంకా దాచుకొని ఏం చేసుకోను? ఆమెను చూస్తే నాకు కడుపు మండేది. ఉన్నమాట ఇదే.

నల్లగొండ వైపు నేతపని వాళ్ల ఊరు మాది. ఆ ఊరి హైస్కూల్లోనే నేను లెక్కల టీచర్ని. రాష్ట్రం వచ్చాక జరిగిన నియామకాల్లో ఆమె మా బడికి వచ్చింది. మక్తల్ దిక్కు పిల్ల. ఆరు, ఏడు తరగతుల లెక్కలు ఆమెకిచ్చారు, పై తరగతులు నావి. వచ్చిన మొదటిరోజే ఏడో తరగతిలో నిలబడి, "మా ఇంట్ల గొర్లున్నయ్. నేను లెక్కలు నేర్సుకున్నది గొర్లను దొడ్లెకు తోలేటప్పుడే" అని చెప్పిందట. పిల్లలు ఒకటే నవ్వులు, ఒకటే సంబరం. నేను స్టాఫ్‌రూంలో పెదవి విరిచాను. మా నాన్న, మా బాపు, మగ్గం నేస్తాడని నేను ఇన్నేళ్లలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే, అయినా నా నోటితో ఎన్నడూ చెప్పలేదు.

నాకు బడిలో ఒక పేరుండేది. న్యాయంగా మార్కులేసే మేడం. సర్పంచి మనవడైనా, కూలికి పోయేవాళ్ల బిడ్డయినా నా ఎర్రపెన్ను ఒకటే తీరుగా నడిచేది. ఆ పేరంటే నాకెంత మురిపెమో! ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షలకు, ఒకరి క్లాసు పేపర్లు ఇంకొకరు దిద్దాలని హెడ్మాస్టర్ సారు అన్నాడు. ఆమె ఏడో తరగతి పేపర్లు నా చేతికొచ్చాయి.

సౌష్ఠవ రేఖ అంటే ఏమిటి అన్నది ఒక ప్రశ్న. ఒక పిల్ల ఇట్లా రాసింది: "నూలు మడతపెట్టే జాగ. ఆడ మడిచి రెండు పొరలు కల్పి ముడి కట్టి రంగుల ముంచాలె. విప్పినంక రెండో సగంల గూడ గదే పువ్వొస్తది." పక్క పేపరు చూస్తే అందులోనూ నూలే. ఆ పక్కదాంట్లోనూ నూలే. పుస్తకంలో ఉన్న వాక్యం ఒక్కరూ రాయలేదు. అందరికీ సున్నా పెట్టాను. కొంచెం హాయిగా కూడా అనిపించింది.

మరునాడు ఆ పిల్ల పేపరు పట్టుకొని ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మేడం, గీ పిల్ల రాసింది తప్పా?"

"పుస్తకంల అట్లున్నదా?"

"లేదు. కని పిల్లకు సమజైంది గద మేడం."

"సమజైతే పుస్తకంల ఉన్నట్టు రాయాలె. నా దగ్గర అందరికి ఒకటే కొలత."

ఆమె పేపరు మడిచి పట్టుకొని, "ఇండ్లల్ల రోజు నూలు జూసే పిల్లలు మేడం. చూసింది రాసిన్రు" అన్నది మెల్లగా.

"చూస్తే చూసిన్రు. గీ మడతలు, ముడులు లెక్కల క్లాసులకు ఎవరు పట్కొచ్చిన్రు?"

ఆమె నా ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది. "మీ బాపే మేడం. శనివారం శనివారం పిల్లలను ఆయన మగ్గం కాడికి తీస్కపోతున్న. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. బాపు పాత ఇంట్లో, నేతగాళ్ల వాడలో ఉంటాడు. నేను బస్టాండు వెనక కొత్త కాలనీలో ఉంటాను. శనివారం సాయంత్రాలు నాకు పదో తరగతి స్పెషల్ క్లాసులు. బాపు దగ్గరికి పోవాలంటే ఆదివారమే, అది కూడా కూర గిన్నె చేతికిచ్చి వచ్చేంతసేపే. "ఓ, తెలుసు తెలుసు" అన్నాను. అబద్ధమని ఆమెకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ శనివారం స్పెషల్ క్లాసు ఎగ్గొట్టి పాతింటికి పోయాను. మగ్గం గది కిటికీ దగ్గరే ఆగిపోయాను. బాపు చాప మీద కూర్చొని ఉన్నాడు. ముందు గళ్ల కాయితం పరిచి ఉంది. మా దగ్గర చీర మీద పువ్వు ముందు ఆ గళ్లలోనే పుడుతుంది; ఏ గడికి రంగు అంటకుండా ముడి కట్టాలి, ఏ గడి రంగుకు వదిలేయాలి అన్నది అక్కడే తేలుతుంది. పిల్లలు చుట్టూ మూగి ఉన్నారు. "ఇగ చెప్పున్రి, గీ మడత విప్పితే ముడి యాడ తేలుతది?" అని బాపు అడుగుతున్నాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. బాపు నవ్వుతున్నాడు. నాకు తెలిసిన బాపు గట్టిగా నవ్వే మనిషి కాదు.

తర్వాత ఆమె వైపు తిరిగి, "నువ్వు కట్టు బిడ్డా, చూస్త" అన్నాడు. ఆమె వేళ్లు పట్టుకొని, రబ్బరు పట్టీ ఎట్లా చుట్టాలో చూపించాడు.

బిడ్డా అన్నాడు! టీచరమ్మా అనలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి ఆ నూలు మీద చెయ్యి వేశాను. బాపు ఆ చేతిమీద ఒక్కటి వేశాడు. "ముట్టకు! నీ చెయ్యి బలపం పట్టాలె, నూలు గాదు" అన్నాడు. వాడలో నా ఈడు ఆడపిల్లలందరూ ఇళ్లల్లో ఆసు చట్రం మీద నూలు పోస్తుంటే, నన్ను మాత్రం ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చదివించాడు. ప్రేమతోనే చేశాడు, నాకు తెలుసు. ఆ చదువుతోనే ఇంతదాన్నయ్యాను. కానీ నన్ను ముట్టనివ్వని నూలును ఎక్కడో మక్తల్ నుంచి వచ్చినదాని చేతిలో పెట్టి, వేళ్లు పట్టుకొని నేర్పిస్తుంటే నేనేం కావాలి? లోపలికి పోలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. దారిపొడవునా సిలబస్ గురించి, క్రమశిక్షణ గురించి నాకు నేనే ఉపన్యాసం చెప్పుకున్నాను.

సోమవారం చాయ్ తాగేటప్పుడు హెడ్మాస్టర్ సారుతో ఒక్కమాట అన్నాను.

"సార్, పిల్లలను మగ్గాల కాడ కూసోబెడ్తున్నరు. ఎవడన్న ఫోటో తీసి పెట్టిండనుకోండ్రి, పిల్లలతోని పని చేయిస్తున్నరంటరు. మీ మెడకు చుట్టుకుంటది. మా ఇల్లే గాబట్టి చెప్తున్న."

సారు చేతిలోని కప్పు బల్లమీద పెట్టేశాడు. బడివేళల్లో గానీ తర్వాత గానీ పిల్లల్ని ఎక్కడికీ తీసుకుపోవద్దని ఆ మధ్యాహ్నమే ఆమెకు చెప్పాడు.

సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎవరో సారుకు చెప్పిన్రంట మేడం" అన్నది. నేను రిజిస్టరులోంచి తల ఎత్తకుండా, "ఏమో, నాకేం ఎరుక" అన్నాను. "మీ బాపు ఎదురుచూస్తుంటడు. నాకు మొకం చెల్లుతలేదు. జర మీరే చెప్పున్రి" అన్నది.

బాపుకు పరీక్షలున్నాయని చెప్పాను. నమ్మాడు. బిడ్డ టీచరు, బిడ్డ చెప్పింది గదా. కానీ ప్రతి శనివారం గది ఊడ్చి, చాప పరిచి కూర్చునేవాడట. ఆదివారం నేను పోతే, "ఇంక పరీక్షలేనా? గిదేం సదువు బిడ్డా, పిల్లలకు ఊపిరాడనిస్తలేరు" అనేవాడు. పిల్లల కోసం గీసి పెట్టిన కాయితాలు చాప కింద దొంతరగా పెరుగుతూ వచ్చాయి.

ఒక ఆదివారం నేనే ఆ చాప మీద కూర్చున్నాను. "నాకు చూపియ్యి బాపూ" అన్నాను. బాపు నవ్వి గిన్నె మూత తీస్తూ, "నీకెందుకు బిడ్డా? నీకన్ని వస్తయ్ గద" అన్నాడు.

పిల్లల్ని ఆపేస్తే ఆ జాగా నాదవుతుందని అనుకున్నాను. ఇంత లెక్కల టీచర్ని, ఆ లెక్క ఎట్లా తప్పానో!

ఏడాది గడిచింది. ఆమెకు సొంత జిల్లాకు పరస్పర బదిలీ దొరికింది. పోయేముందు బాపుకు చెప్పి వస్తానన్నది. ఒంటరిగా పంపడానికి నాకు భయమేసింది, నేనూ వెంట పోయాను. బాపు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. నేను పోతే ఎప్పుడూ లేవడు. గబగబా చాప కింది కాయితాలన్నీ తీసి దుమ్ము దులిపాడు.

"పరీక్షలైనయా బిడ్డా? ఏడాది సంది పరీక్షలే అంటది మా బిడ్డ."

ఆమె ఒక్కసారి నావైపు తిరిగింది. చెప్పమన్న నిజాన్ని ఇంతకాలం నేనెందుకు దాచానో, సారుకు చెప్పింది ఎవరో ఆ క్షణంలో ఆమెకు తెలిసిపోయింది. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఒక్కమాట అంటే చాలు, బాపు ముందు నా బతుకు బజార్న పడేది.

ఆమె రెండు చేతులతో ఆ కాయితాలు అందుకుంది.

"అయినయ్ బాపూ. అందరు పాసైన్రు" అన్నది.

బాపు ముఖం వెలిగిపోయింది. "మంచిగైంది బిడ్డా" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోవాల్సింది. ఆ సిగ్గు తర్వాత వచ్చింది, ఇప్పటికీ పోలేదు. కానీ ఆ నిమిషంలో మాత్రం నాకు తట్టింది ఒక్కటే. నా తండ్రిని ఇది బాపూ అని పిలిచింది, ఆయన పలికాడు.