పుర్రచేతి నూలు

నాది పుర్రచెయ్యి. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేదాన్ని. అదైనా మా జేజి కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసేది గనుక. కొడవలి పట్టడం, పరుగెత్తే మేకను ఒడిసి పట్టడం, తమ్ముడి వీపు మీద ఒకటి అంటించడం, అన్నీ ఎడమచేత్తోనే. జేజి అంటే మా నాన్నను కన్నతల్లి. ఆ తల్లి పెద్ద మనసుతో నా అల్లరి అంతా భరించింది గాని ఈ ఒక్క చేతితో మాత్రం రాజీ పడలేదు.

ఆత్మకూరు దగ్గర మాకు కాస్త నల్లరేగడి చేను ఉండేది. పత్తి పండించేవాళ్ళం. ఊళ్ళో దూదేకులాయన వచ్చి దూది ఏకి పోతే, మా అమ్మ దాన్ని వేలెడంత పొడవు ఏకులుగా చుట్టి బుట్టలో పెట్టేది. జేజి రాట్నం ముందు కూర్చుని ఆ ఏకుల్ని నూలుగా వడికేది. రాట్నం తిరుగుతూ ఉంటే ఆమె మొహంలో ఒక దర్జా కనిపించేది. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలికేది కాదు.

నాకూ రాట్నం నేర్పాలని జేజి శానా పాట్లు పడింది. ఎడమచెయ్యి ఏకును చక్కగానే లాగేది. కుడిచెయ్యి మాత్రం పిడిని గుంజి గుంజి తిప్పేది. పోగు పుటుక్కుమని తెగేది. జేజి నెత్తి కొట్టుకునేది. నాకు ఉక్రోషం వచ్చి లేచిపోయేదాన్ని.

మేం చర్చిని గుడి అనేవాళ్ళం. ఆ గుడి పక్కన మా మిషన్ బడిలో అయ్యవారు పిల్లలకు తకిలి నేర్పుతున్న రోజులవి. తకిలి అంటే ఏముంది, ఒక పుల్ల, దాని కింద బరువుకు ఒక బిళ్ళ. పుల్లను వేళ్ళతో గిర్రున తిప్పి వదిలితే పోగు పురి ఎక్కుతుంది. తమ్ముడు చూపిస్తే నేనూ కుండపెంకును గుండ్రంగా అరగదీసి ఒకటి చేసుకున్నాను. ఎడమచేత్తో తిప్పాను. తెగలేదు! ఆ సంతోషం ఇప్పటికీ నా వేళ్ళలో ఉంది. ఇక మేకల వెనక నడుస్తూ, గట్టు మీద కూర్చుని, చింతకాయలు నములుతూ, ఎప్పుడు చూసినా వడకడమే. రాట్నం ఇల్లు కదలదు. నా తకిలి ఊరంతా తిరిగింది.

"మేకల ఎనక తిరిగేదానికి అది సరిపోతాదిలే మే. అది గూడా ఒక వడుకేనా?" అనేది జేజి.

నంద్యాల వైపు సంబంధం కుదిరింది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. పెండ్లికూతురి చీర ఇంటి నూలుతోనే నేయించాలి. మా క్రైస్తవ సంఘంలో పెండ్లికి తెల్లచీరే గనుక రంగు, అంచు, బుటా ఏవీ ఉండవు. ఉన్నదంతా నూలే. ఆ చీరలో నా నూలు కూడా ఉండాలని నేను పట్టు పట్టాను. కట్టుకునేది నేనైనప్పుడు, నేను వడికింది ఒక్క పోగైనా లేకపోతే ఎట్లా?

"రాట్నం మీద వడుకు, కలుపుతా. తకిలి నూలు మాత్రం పెండ్లి చీరలోకి రానీను" అంది జేజి.

రాట్నమా, తకిలా? తేల్చుకోవలసింది నేనే. చీర మీద ఆశతో మళ్ళీ రాట్నం ముందు కూర్చున్నాను. ఒకే ఏకును అన్నిసార్లు తెంపేసరికి నాకే నవ్వొచ్చింది. లేచి తకిలి తీసుకుని మేకల్ని తోలుకుపోయాను. నూలు మాత్రం ఆపలేదు. జేజి చిలపలు, అంటే నూలు చుట్టలు, వేలాడే దండెం మీదనే, ఆమె వాటి పక్కనే, నావీ వేలాడదీశాను. ఆమె వాటిని చూడనట్టే మసలేది. నేనూ పట్టించుకోనట్టే మసలేదాన్ని. ఇద్దరం కలిసి ఇంట్లో వాళ్ళకు మంచి వినోదం పంచాం.

జేజి నూలు మా ఊరి మగ్గమాయన ఇంటికి చేరింది. గుడిలో మూడు ఆదివారాలు చదివే మా పెండ్లి ప్రకటన మొదటిసారి చదివిన మర్నాడే ఆయన మా వాకిట్లో నిలబడ్డాడు.

"అవ్వా, నూలు సాలదు. పడుగుకే తక్కువొస్తాండాది."

"యాడ తక్కువొస్తాదప్పా? నా పెండ్లి చీరకి ఎంత పట్టిందో అంతే వడికినా గదా!"

మా అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. జేజి కాలంలో చీర మోకాలి కిందికి దిగితే గొప్ప. ఆమె ఆ లెక్కనే వడికింది. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలం దగ్గర పడుతోంది, అది మొదలైతే ఈస్టరు దాకా పెండ్లిళ్ళు ఉండవు. మళ్ళీ వడికే వ్యవధి లేదు. మగ్గమాయన దండెం వైపు చూశాడు. నా చిలప ఒకటి అందుకుని, పోగు తీసి లాగి చూశాడు.

"ఇది గట్టిగానే ఉండాదే."

"పుర్రచేతి నూలప్పా అది!"

"మగ్గానికి చెయ్యి తెలుస్తాదా అవ్వా?"

జేజి గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను చిలపలన్నీ ఆయన చేతుల్లో పోసి, మేకల దొడ్లోకి పోయి ఒక్క గెంతు గెంతాను.

తకిలి నూలు ఒకేచోట పడితే తేడా తెలుస్తుందేమోనని ఆయన కొన్ని పోగులు జేజివి, పక్కన కొన్ని నావి, మళ్ళీ జేజివి, ఇట్లా నిలువుపోగుల పడుగు వేశాడు. పెండ్లి ముందురోజు చీర తెచ్చి వాకిట్లో నులకమంచం మీద పరిచాడు. ఎండ పడింది. తెల్లచీర నిండా, పైనుంచి కింది దాకా, చారలు! ఒకటి మెరుస్తోంది, పక్కది మసకగా ఉంది.

"అయ్యో, సగం మాసిపోయినట్టుండాదే!" అంది అమ్మ. నా మొండితనమే నా చీరను పాడు చేసిందని ఏడుపు ముంచుకొచ్చింది.

మగ్గమాయన నవ్వుతున్నాడు. "నేను సెప్పింది తప్పు, మగ్గానికి చెయ్యి తెలిసింది. ఈ పాప పురి ఎడమకు తిరిగింది, అవ్వది కుడికి. ఎలుతురు ఒగదాని మీద ఒగ మాదిరి పడతాండాది. రంగు లేకుండా చారల చీర నా జన్మలో నేయలేదు తల్లీ. మార్చమంటే మాత్రం మార్చను."

కళ్ళు తుడుచుకుని చూశాను. నేను నడిచి పోయి మంచం అటువైపు నిలబడితే మెరిసే చారలు మసకబారాయి, మసకవి మెరిశాయి. అంత అందమైన చీర నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు గుడి ముందు ఎండలో పెండ్లికొడుకు తరపు నంద్యాల ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు. ఎవరు వడికారు, ఎట్లా వడికారని ఒకటే ప్రశ్నలు. "ఆయమ్మి ఎడమచేత్తో వడికిందంట" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. జేజిని అడిగినవాళ్ళు లేరు. ఆమె కాసేపు ఓర్చుకుంది. తర్వాత మగ్గమాయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"అందరూ దాని నూలే అంటాండారు. నాది యాడుండాదో చూపించప్పా!"

ఆయన చీర చెరగు పట్టుకుని మసక చారల మీద వేలు పెట్టాడు.

"ఇదో, ఇదంతా నీదే అవ్వా. నీది పక్కన ఉండబట్టే పాపది కనపడతాండాది."

జేజి ఆ చారలకేసి, నాకేసి మార్చి మార్చి చూసింది. తర్వాత, అంతమందిలో, నా ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, పెండ్లికొడుకు వచ్చి పిలిచేదాకా వదల్లేదు.