గౌన్లు తొడుక్కున్న స్పీకర్లు

పిండిమర హోరులోనే బతుకు తెల్లారిపోతున్నవాడికి ఒకే కోరిక: సినిమాలో వాన చినుకుల చప్పుడు ఇంట్లో కూర్చుని వినాలని. పాత స్పీకర్లు చవగ్గా కొన్నాడు. శబ్దం గోడలకు కొట్టుకుని గోల కాకుండా బొంతలు వేలాడదీశాడు. స్పీకర్లను చెవి ఎత్తులో నిలబెట్టి వాన వింటే ఒళ్ళు పులకరించింది.

ఆదివారం బజారుకెళ్ళి వచ్చేసరికి భార్య స్పీకర్లన్నిటికీ దళసరి గుడ్డతో కుచ్చుల గౌన్లు కుట్టి తొడిగేసింది.

"దుమ్ము పడుతుంది కదండీ! ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి!"

వాన పెట్టాడు. దుప్పటి కింద ఎవరో గొణుగుతున్నట్టుంది. గుండె అదిరే మోతనివ్వాల్సిన పెద్ద స్పీకరు పెట్టె మీద బావమరిది కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"సౌండులో దమ్ము లేదు బావా! చవకవి కొంటే ఇంతే."

"ఆ దమ్ము నీ కిందే ఉంది, లేవరా!"

"పర్లేదు బావా, గట్టిగానే ఉంది, విరగదులే."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అతను సెలవురోజైనా చెప్పులేసుకుని తిన్నగా మర దగ్గరికే పోయాడు. ఛీ, దాని గోలే నయం. కనీసం దానికి ఎవరూ గౌను తొడగరు.