గేటుకు తగిలించిన వాటా

మా పొలాన్ని ఊళ్ళో ఇప్పటికీ వేటబీడు అనే అంటారు. అది నా పేరు మీదికి వచ్చి ఏళ్ళయింది. బోరు వేయించాను, మామిడి మొక్కలు పెట్టించాను, మొక్కల నడుమ టమోటా పండిస్తున్నాం. అయినా ఎవరైనా దారి అడిగితే "వేటబీడు దాటి పో" అనే చెబుతారు. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో రోడ్డు దిగి గుట్టవైపు కొంచెం లోపలికి నడిస్తే వస్తుంది. గుట్ట వెనక అడవి. ఊరి పెద్దింటివాళ్ళు ఆ నేలను తరాలుగా దున్నకుండా వదిలేశారు. చేతకాక కాదు, అడవిపందులు నీళ్ళకు దిగే దారి అదే కాబట్టి. బెంగళూరు నుంచి స్నేహితులు వస్తే వేటాడించడానికి వాళ్ళకు ఒక బీడు కావాలి. మేము కూలికి పోతే గంజి, పోకపోతే పస్తు అనే రోజుల్లో, వాళ్ళకు సరదా కోసం అంత నేల ఉండేది.

మా నాయన ఆ వేటల్లో అదిలించేవాడు. తుపాకులవాళ్ళు కింద చెట్ల చాటున కూర్చుంటే, మా కాలనీ మగవాళ్ళు గుట్ట మీద నుంచి డబ్బాలు కొడుతూ, కేకలు పెడుతూ పందుల్ని వాళ్ళ ముందుకు తోలేవారు. పంది పడ్డాక వాటాలు. దానికొక కట్టుబాటు ఉండేది. ఎవరి నేలలో పడితే వాళ్ళకు ఒక తొడ. అదిలించినవాళ్ళకు తలకాయ, పేగులు. వాటా తిన్నవాడు ఆ తర్వాత ఆ వేట గురించి నోరెత్తకూడదు. పైరు తొక్కారనో, కుక్క కరిచిందనో పంచాయితీ పెట్టకూడదు. నా చిన్నతనంలో మా ఇంట్లో మాంసం అంటే ఆ తలకాయ కూరే. నేనూ ఇష్టంగానే తిన్నాను, అబద్ధమెందుకు.

మదనపల్లెలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని టీచరునయ్యాను. చాలాకాలం కుప్పంలో పనిచేసి మళ్ళీ మదనపల్లెకే బదిలీ చేయించుకున్నాను. ఆ సమయంలోనే పెద్దింటి పెద్దాయన పోయాడు, కొడుకు ఒక్కొక్క నేలా అమ్మకానికి పెట్టాడు. బ్యాంకులో అప్పు తీసుకుని వేటబీడు కొన్నాను. "వద్దు పాపా, ఇంకా యాడన్నా సూసుకో" అన్నాడు నాయన. నేను వినలేదు. నాకు ఆ నేలే కావాలి. రిజిస్ట్రేషన్ నాడు ఆ కొడుకు సంతకం పెడుతున్నంతసేపూ నాయన ఆఫీసు గడప బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఇల్లలకగానే పండగ కాదని నాకు ఆ చెప్పులు చూసినప్పుడే తెలిసుండాలి.

అమ్మ పోయాక నాయన ఆ పొలంలోనే రేకుల షెడ్డు వేసుకుని, ఒక ఆవును పెట్టుకుని ఉండిపోయాడు. ఆదివారం నేను బస్సులో వచ్చేదాన్ని. ఇద్దరం పుంగనూరులో చర్చికి పోయి, ఆరాధన అయ్యాక పొలానికి వచ్చేవాళ్ళం. మొదటి ఏడు ఒక ఆదివారం అలా వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. జీపు చక్రాలకు డ్రిప్ పైపులు తెగి, నీళ్ళు మడుగు కట్టాయి. రెండు సాళ్ళ టమోటా ఊతకట్టెలతో సహా నేలకు ఒరిగింది. గేటు కొక్కేనికి ఒక సిమెంటు సంచి వేలాడుతోంది, అడుగున రక్తం కారుతోంది. నాయన పాలపొట్లం తీసుకున్నంత మామూలుగా దాన్ని దించుకున్నాడు. లోపల పంది తలకాయ ఉంది.

"ఏంది నాయనా ఇది?"

"వాటా."

"మన నేలలో పడిన పందికి మనకు రావాల్సింది తొడ గదా. తలకాయ యాల ఇచ్చినారు?"

ఆయన తలకాయను నీళ్ళతో కడుగుతూ, "వాళ్ళ సెయ్యి అట్ల అలవాటైపోయుండాది పాపా. దానికింత రాద్ధాంతమేల?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పైరు తొక్కినందుకు కాదు. మా నేల మీదికి దొంగతనంగా వచ్చి, వేటాడి, మాకు కూలివాళ్ళ వాటా విసిరిపోయారు. కంప్లయింట్ ఇద్దామన్నాను. అప్పటికే ఆయన పొయ్యి రాజేశాడు. "కూర ఉడకతాండాది, ఇంకేం సెప్పేది?" అన్నాడు. నేను తినలేదు, ఆయన తిన్నాడు.

ఆ తర్వాత నాకు తెలిసిన పద్ధతులన్నీ చేశాను. గేటుకు తాళం వేయించాను. 'ఇది సొంత పొలం, అనుమతి లేకుండా లోపలికి రాకూడదు, వేట నేరం' అని నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా నేనే బోర్డు రాశాను. నెల తిరక్కుండానే దానికి తుపాకీ గుండ్ల చిల్లులు పడ్డాయి, నా అక్షరాలతో గురి సరిచూసుకున్నారు కాబోలు. అటవీశాఖ వాళ్ళ దగ్గరికి పోతే ఫోటో ఏదన్నా ఉందా అని అడిగారు. చివరికి పెద్దింటి కొడుక్కే ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"టీచరమ్మా, పందులు తినేది మీ పంటనే గదా. మేం కొడితే మీకే మేలు. కావాలంటే మీ నాయన్ని అడుగు."

"ఆయన్ని అడిగే పనిలేదు. పొలం నాది."

"పొలం నీదే టీచరమ్మా, కాదన్నదెవరు? వేట మాది" అని నవ్వాడు.

ఈసారి వాళ్ళు వస్తే గేటు దగ్గర నిలబడి వద్దని ఒక్క మాట చెప్పమని నాయనను అడిగాను. తిట్టద్దు, కొట్టద్దు, ఒక్క మాట చాలన్నాను. ఆయన తల ఊపాడు.

నేను పరీక్షల పనిమీద రాలేకపోయిన ఆదివారం వాళ్ళు వచ్చారు. ఆనాడు నాయన చర్చి కూడా మానుకుని గేటు దగ్గర కాపలా కూర్చున్నాడట. జరిగింది పక్క పొలంలో టమోటాలు కోస్తున్న ఆవిడ నాకు చెప్పింది.

"జీపు రాంగానే మీ నాయన లేసి నిలబన్న్యాడమ్మా. 'వద్దు సామీ, పాప వద్దంటాంది' అన్న్యాడు. నా సెవులతో ఇన్న్యాను. ఆ పెద్దింటి పిల్లోడు నవ్వి, 'మీ పాపకు నేను సెప్తాలే గానీ, ఈపొద్దు అదిలించేదానికి మనిషి తక్కువైనాడు. నీ మాదిరి కేక ఎవురికొస్తాదిప్పుడు? రా' అన్న్యాడు. అంతే. మీ నాయన మొల్లో నుంచి తాళంచెవి తీసి గేటు తెరిసి, షెడ్డులోకి పోయి డబ్బా తెచ్చుకున్న్యాడు."

చాలాసేపు గుట్ట మీద నుంచి నాయన కేక వినబడిందట, వయసు మీద పడిన మనిషి కేకలాగా లేదట. పంది పక్కకు మళ్ళింది. తుపాకీ దానితోపాటు మళ్ళింది. పందికి తగలాల్సిన సీసపు గుండ్లలో ఒకటి మా నాయన ఎడమ కంట్లో దిగింది.

వాళ్ళ జీపులోనే మదనపల్లెకు తెచ్చి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టి పోయారు. నేను పోయేసరికి ఆయన తువ్వాలు కంటికి అదుముకుని ఉన్నాడు. ఏమైందని డాక్టరు అడిగితే, "టమోటా కట్టె పొడుసుకున్న్యాది సార్" అన్నాడు. స్కాన్ తీశాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, లోపల ఉన్నది సీసమమ్మా, కట్టె కాదు అన్నాడు. పోలీసు వచ్చి అడిగినా నాయన కట్టె మాటే చెప్పాడు, పోలీసు ఆ మాటే రాసుకుని పోయాడు. నేను వార్డులో పదిమంది ముందు ఆయన మీద అరిచాను. "పందిని కొట్టినట్టు కొట్టినారు నిన్ను! ఇంకా వాళ్ళనే కాపాడతాండావా?" ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

డిశ్చార్జి చేసేనాడు కట్టు మారుస్తున్న నర్సును ఆయనే అడిగాడు, ఈ కంటికి సూపు ఎప్పుడొస్తాదమ్మా అని. రాదు తాతా అంది ఆ అమ్మాయి. అంతవరకు ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు నోరు రాలేదు. షెడ్డు ముందు ఆటో దిగాక నా చెయ్యి పట్టుకుని, "సోమారం టేసనుకు పోదాం పాపా. జరిగింది జరిగినట్టు సెప్తాను" అన్నాడు.

ఆ మాటకు నేను ఏడ్చాను. రిజిస్ట్రేషన్ నాడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. మా ఇంట్లో ఒకరు పెద్దింటివాళ్ళ మీద మాట చెప్పడం అదే మొదలు కాబోతోంది.

ఆదివారం చర్చిలో అయ్యగారు నాయనకోసం ప్రార్థన చేయించారు. పొలానికి తిరిగి వచ్చేసరికి గేటుకు మళ్ళీ సంచి తగిలించి ఉంది. గేటు తాళం తాళంలాగే ఉంది, లోపల ఒక్క పైపు కూడా తెగలేదు. సంచి బరువుకు నాయన ఒక్కడూ దించలేకపోయాడు, నేను చెయ్యి వేయాల్సి వచ్చింది. విప్పితే, వెంట్రుక లేకుండా కాల్చి, పసుపు పూసిన పంది తొడ. నిండు తొడ.

నాయన దాన్ని గిట్ట దగ్గర నుంచి పైదాకా చేత్తో తడిమి చూశాడు. "తొడ" అన్నాడు. "పాపా, తొడ పంపినారు."

మిగిలిన కంట్లో నీళ్ళు తిరిగాయి. నేను ఆ సంచి లాక్కుని, ఇప్పుడే పోయి వాళ్ళ గేటుకే తగిలించి వస్తానన్నాను. నేను పుట్టినప్పటి నుంచి నన్ను గదమాయించని మనిషి, "ముట్టుకోవద్దు" అని గట్టిగా అరిచాడు. కత్తి తెచ్చి నేల మీద గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. ఒక కన్నుతో కోత సరిగ్గా పడక, వేలితో తడుముకుంటూ కోశాడు. తనతో అదిలించిన ముసలివాళ్ళు కాలనీలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. ఎవరి భాగం వాళ్ళకు ఆకులో చుట్టి, కంటికి కట్టుతోనే ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చాడు. ప్రతి గడపలోనూ "మా నేల వాటా" అని చెప్పడం నేను వెనక నిలబడి విన్నాను. వాళ్ళు ఆయన కట్టువైపు చూసి, ఆకు అందుకున్నారు.

పొద్దు వాలేసరికి కూరయింది. ఆయన కంచం ముందు కూర్చుని ఎన్నడూ లేనంతసేపు ప్రార్థన చేశాడు, దేవునికి స్తోత్రాలు చెప్పాడు. కడుపునిండా తిన్నాడు. నేను కంచం పెట్టుకోకుండా ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి కడుక్కున్నాక అడిగాను.

"నాయనా, రేపు పొద్దున్నే పోదామా?"

"యాడికి?"

"టేసనుకు."

నా మొహంలోకి చూశాడు. ఇంత చదువుకున్న బిడ్డకు ఇంత చిన్న సంగతి ఎందుకు తెలియదో ఆయనకు నిజంగానే అర్థం కానట్టుంది.

"తిన్న్యాను గదమ్మా" అన్నాడు.