ఖాళీ చెరువు మీద నా వాటా

స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పడం అయ్యాక, సాయంత్రాలు నేను రొయ్యల చెరువుల దగ్గర వాడే సామాన్ల మీద వీడియోలు చేస్తుంటాను. అమలాపురంలో నన్ను పాఠాలు చెప్పే మనిషిగా కంటే కెమెరాల మేష్టారుగా గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ. పని తేలికే. ఫలానా కెమెరా బాగుంది, ఫలానాది వానకి ఆగదు అని చెప్పి, వీడియో కింద లింకు పెడతాను. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే కంపెనీ నాకు కమిషన్ ఇస్తుంది. దీన్ని ఎఫిలియేట్ మార్కెటింగ్ అంటారని మా ఆవిడకి గర్వంగా చెబితే, "బేరం కుదర్చడం అని చెప్పచ్చుగా, దానికంత పేరెందుకు?" అంది.

కమిషన్ రెండు రకాలు. ఒకటి, కెమెరా అమ్ముడైనప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం చేతిలో పెట్టేస్తారు. ఆ తర్వాత ఆ కెమెరాతో మనకి సంబంధం లేదు. రెండోది, కొన్నవాళ్ళు నెలనెలా కట్టే రుసుములో మనకి కొంత వాటా వస్తుంది, వాళ్ళు కట్టినంతకాలం. కొబ్బరితోట కౌలుకిచ్చేసి ఊరుకోవడానికీ, కాయల దింపులో వాటా పెట్టుకోవడానికీ ఉన్న తేడాయే. మా ఆవిడ మొదటిదే మేలంది. నేను వినలేదు. ఊరికే కూర్చుంటే వచ్చే డబ్బంటే నాకు మహా సరదా.

వాటా ఎంచుకున్నవాళ్ళకి ఫోన్లో ఒక పేజీ తెరుస్తారు. నా లింకు మీద కొన్న ప్రతి కెమెరాకీ ఊరి పేరు, పక్కనే ఒక చుక్క. నడుస్తుంటే పచ్చచుక్క, ఆపేస్తే ఎర్రచుక్క. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ చుక్కలు చూసుకోవడం నాకు అలవాటైపోయింది. రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి రైతులు చెరువులు వదిలేసినప్పుడు వరసగా చాలా చుక్కలు ఎర్రబడ్డాయి. ముమ్మిడివరం దాటాక సముద్రం వైపు ఉన్న ఒక చెరువు చుక్క మాత్రం పచ్చగానే ఉండిపోయింది. అక్కడ రొయ్య లేదు. రొయ్య వేసే మనిషీ లేడు.

ఆ మనిషి నాకు తెలుసు. మురమళ్ళలో ఉండే ఒక రిటైరైన టీచరుగారి ఒక్కగానొక్క కొడుకు. ఉద్యోగం వదిలేసి చెరువు కౌలుకి తీసుకుని, గట్టు మీద పాక వేసుకుని ఉండేవాడు. నా వీడియో చూసి కెమెరా కొన్నాడు, బిగించడానికి నన్నే పిలిచాడు. సోలార్ పలకతో, సిమ్ కార్డుతో నడిచే రకం. దొంగల్ని బెదిరించడానికి స్పీకరు కూడా ఉంటుంది. ఇంట్లో ఫోన్లో మాట్లాడితే గట్టు మీద వినబడుతుంది, గట్టు మీది మాట ఫోన్లో వినబడుతుంది. అతను దాన్ని వాళ్ళమ్మగారి, అంటే ఆ టీచరుగారి, ఫోన్లో పెట్టించాడు.

"దొంగల కోసం కాదండి మేష్టారూ. రోజూ దీపాలవేళకి అన్నం తిన్నావా అని మా అమ్మ ఫోన్ చేస్తదండి. మేత చేతుల్తో ఫోనెత్తలేను. ఇదైతే ఉన్నచోటునుంచి పలికితే చాలు గదండి" అన్నాడు.

ఆ వానాకాలమే చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ దగ్గర కరెంటు కొట్టి పోయాడు. సమాధి కార్యక్రమానికి నేనూ వెళ్ళాను. కెమెరా సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు. ఎత్తే సమయం కూడా కాదు.

మొన్నామధ్య కంపెనీవాళ్ళు పాత కెమెరాలకి మళ్ళీ ఎంచుకునే అవకాశం ఇచ్చారు. వాటా వదులుకుంటే ఒక్కో కెమెరాకీ ఇప్పుడు ఒకేసారి కొంత ఇచ్చేస్తారు, ఆ చుక్క మన పేజీలోంచి పోతుంది. లేదంటే పాత పద్ధతే. ఏ చెరువు ఇంకెన్నాళ్ళు కడుతుందో తెలియకుండా ఏం ఎంచుకుంటాం? బండి వేసుకుని చెరువులు చూడడానికి బయల్దేరాను. ఆ ఖాళీ చెరువుకి వెళ్ళేసరికి పొద్దువాలింది. మలుపు దగ్గర ఆటో ఆపుకుని ఉన్నాయన నన్ను ఆపాడు.

"దీపాలవేళ అటెళ్ళకండి. ఆ చెరువు పిలుస్తదండి" అన్నాడు.

"ఏమని పిలుస్తుంది?"

"అన్నం తిన్నావా అనండి."

నాకు నవ్వొచ్చింది. ఆ స్పీకరు బిగించింది నేనే కదా. ఆ టీచరుగారి గొంతు విని ఊరు ఊరంతా ఇలా జడుసుకుంటోందా అనుకుంటూ ముందుకి పోయాను. గట్టంతా గడ్డి పెరిగిపోయింది. పాక ఒక పక్కకి ఒరిగింది. వాననీళ్ళు నిండిన చెరువు నల్లగా, చడీచప్పుడూ లేకుండా ఉంది. బండి ఆపి కెమెరా స్తంభం వైపు నాలుగడుగులు వేశానో లేదో, పిలుపు వచ్చింది.

"ఒరేయ్ నాన్నా. అన్నం తిన్నావా?"

నీళ్ళ మీద ఆ గొంతు ఎటునుంచి వస్తోందో తెలియలేదు. స్పీకరని తెలిసి కూడా ఒళ్ళు జలదరించింది. సంగతి తెలిస్తే భయం పోతుందని క్లాసులో పిల్లలకి చెబుతుంటాను. ఇకమీదట చెప్పను. నేనింకా తేరుకోకముందే స్తంభం వెనకనుంచి ఒక మగగొంతు జవాబిచ్చింది.

"ఆయ్, తిన్నానండి."

నేను బండి వైపు రెండడుగులు వెనక్కి వేశాను. కాసేపటికి స్తంభం వెనకనుంచి ఒక మనిషి ఇవతలికి వచ్చాడు. పక్క చెరువు కాపలాదారు. నన్ను చూసి నాకంటే ఎక్కువ హడిలిపోయాడు. ఎవరెవరమో చెప్పుకున్నాక, ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం.

"మొదట్లో వినీ విననట్టే ఊరుకున్నానండి. పెద్దావిడ అలా పిలుస్తా ఉంటే ఎవరూ పలక్కపోతే ఎలాగండి? ఓ రోజు నోరు జారి ఆయ్ అనేసేను. అప్పట్నించి రోజూ రావాల్సొస్తంది. జొరమొచ్చిన్రోజు కూడా వచ్చేనండి. కెమెరాకి కనబడకుండా వెనకమాల నిలబడతాను. ఆవిడకి నీళ్ళు తప్ప ఏం కనబడవు."

అతన్ని తప్పుపట్టలేను. మా వైపు పెద్దవాళ్ళు పిలిస్తే, ఎవర్ని పిలిచారో చూసుకునేలోగా నోరు ఆయ్ అనేస్తుంది.

"మా చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోయిందండి. పొద్దున్నే మా ఊరెళ్ళిపోతన్నాను. రేపు ఎవరూ పలకరు. మీరు పెట్టిందే గదండి మేష్టారూ, మీరే ఎలాగో ఆపించెయ్యండి" అన్నాడు.

ఇంటికి వస్తూ మురమళ్ళ దారి పట్టాను. టీచరుగారి వీధి మొగదాకా వెళ్ళి, బండి తిప్పుకుని వచ్చేశాను. ఏమని చెప్పను? అమ్మా, ఇన్నాళ్ళూ పలికింది మీ అబ్బాయి కాదు అనా? పోనీ, మీరు రుసుము కట్టి పిలిచినంతకాలం నాకు నెలనెలా వాటా వస్తోంది అనా? ఆవిడ దిగులు తగ్గితే నాకు నష్టం, పెరిగితే నిలకడైన రాబడి. ఇంత రోత పుట్టించే లాభం కళ్ళచూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం స్కూల్లోనే ఫోన్ తీసి, ఉన్న కెమెరాలన్నిటికీ ఒకేసారి ఇచ్చేసే పద్ధతి ఎంచుకున్నాను. చుక్కలన్నీ పోయి పేజీ తెల్లగా అయింది. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, "ఇప్పటికి బుద్ధొచ్చింది" అని సంతోషించి పకోడీలు వేసింది. నేను ఒకటి నోట్లో పెట్టుకుని కిటికీలోంచి ఎండ చూశాను. ఇంకాసేపట్లో టీచరుగారు పిలుస్తారు. పలికేవాడు లేడు. ఇది నాకు సంబంధం లేని విషయం, మధ్యాహ్నమే లెక్క తెంపేసుకున్న విషయం. అయినా లేచి బండి తీశాను. మా ఆవిడ ఎక్కడికని అడిగితే, వచ్చి చెబుతానన్నాను.

చెరువు దగ్గరికి వెళ్ళేసరికి చీకటి కమ్ముతోంది. అతను నిలబడే చోటే, స్తంభం వెనకాల నిలబడ్డాను.

"ఒరేయ్ నాన్నా. అన్నం తిన్నావా?"

గొంతు బొంగురు చేసుకుని, "ఆయ్, తిన్నానండి" అన్నాను.



"మీరెవరండీ? రోజూ పలికే బాబు ఏమయ్యేడు? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారావిడ.

అబద్ధం ఆడే ఓపిక లేక, కెమెరా బిగించిన మేష్టార్నని చెప్పాను. అతను క్షేమంగానే ఉన్నాడనీ, వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడనీ చెప్పాను.

"మీరా మేష్టారూ. అంతదూరం నించి వచ్చేరా" అన్నారు. "మావాడు కాదని మొదటిరోజే తెలుసండి. పాపం, పలికేవాడిని పలకొద్దని ఎలా అంటాం? మర్యాద కాదు గదండి."

"ఆయ్" అన్నాను.

"మీరు ఇంటికి వెళ్ళండి మేష్టారూ. చీకటి పడతంది."

వెళ్ళొస్తానండి అని చెప్పి ఇవతలికి నడిచాను. బండి దగ్గరికి వచ్చి తాళంచెవి పెడుతుంటే మళ్ళీ ఆ గొంతు వినబడింది. ఈసారి మెల్లగా, పక్కన కూర్చున్నవాళ్ళతో అన్నట్టు.

"వాళ్ళందరూ వెళ్ళిపోయేరురా. ఇప్పుడు చెప్పు. అన్నం తిన్నావా?"

కప్పలు కూడా అరవడం లేదు. ఒక మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, ఆవిడ అడిగారు.

"ఏం కూర?"

నేను తాళంచెవి తిప్పలేదు. బండి చప్పుడుకి ఆవిడకి జవాబు వినబడకుండా పోతుందేమోనని, రోడ్డుదాకా తోసుకుంటూనే వెళ్ళాను.