కలిసొచ్చిన సర్వరు

సూర్యకళ పేరు మా కాలేజీ బ్రోచరులో ఎక్కడా ఉండదు. కంప్యూటర్ ల్యాబు అసిస్టెంటు పేరు ఎవడు వేస్తాడు? రాజమండ్రిలో ఆ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి నేను. ఆవిడ గుర్తొస్తే నాకు ముందు వచ్చేది కోపం. ఆవిడ మీద కాదు.

మా కరస్పాండెంటు కాశీవిశ్వనాథరాజుగారిది భీమవరం వైపు, చేపల చెరువుల మనిషి. తొంభై తొమ్మిదిలో కాలేజీకి ఒక సర్వరు కొన్నారు. ఆ ఏడే సీట్లన్నీ నిండాయి. అంతే, అది కలిసొచ్చిన మిషనైపోయింది. నైరుతి గదిలో పెట్టించి శుక్రవారం శుక్రవారం బొట్టూ, అగరొత్తులూ. మార్చే మాటే ఎత్తకూడదు.

కాలేజీ సైటులో పరీక్ష ఫలితాలన్నీ ఆ ముసలిదాంట్లోంచే రావాలి. నలభై మంది ఒకేసారి చూస్తే పడిపోయేది. 2005లో ఫలితాలప్పుడు రెండు రోజులు లేవలేదు. సప్లిమెంటరీకి గడువు మూడు రోజులే. ఉప్పాడ నేతవాళ్ళ అమ్మాయి వీరవేణి తన పేపరు పోయిందని తెలుసుకుని బస్సెక్కి వచ్చేసరికి గడువు దాటింది. ఏడాది పోయింది. ల్యాబు గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. రాజుగారు గ్రహచారం అన్నారు. సూర్యకళ పళ్ళు నూరుకోవడం నేను చూశాను.

మర్నాడే మూలపడేసిన కంప్యూటరొకటి బాగుచేసుకుంది. బయటినుంచి అడిగేవాళ్ళందరూ ముందు దీని దగ్గరికే రావాలి. ఇది పాతదాన్ని ఒక్కసారి అడిగి, ఆ పేజీ తన దగ్గర దాచుకుని, వచ్చినవాళ్ళకి తనే ఇస్తుంది. రివర్స్ ప్రాక్సీ అంటారట. పెళ్ళింట్లో ఓపిక లేని పెద్దాయన్ని లోపల కూర్చోబెట్టి, గుమ్మంలో పనిమంతుణ్ణి నిలబెట్టినట్టు. ఫలితాలు బయటపెట్టకముందే అందరి మార్కుల పేజీలూ దీంట్లో దాచిపెట్టేసింది.

మరుసటి ఏడు ఫలితాల రోజు ఒక్క ఫిర్యాదు రాలేదు. రాజుగారు నైరుతి గదిలో కొబ్బరికాయ కొట్టి, స్టాఫందరి ముందూ, "చూశారా అండీ సూర్యకళగారూ, మార్చమన్నారు. లక్ష్మి అండీ ఇది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ తన మిషను సంగతి చెప్పబోతే నవ్వేశారు.

సూర్యకళ తిన్నగా ల్యాబుకెళ్ళి తన మిషన్ని తప్పించి, అందర్నీ పాతదాని మీదికే వదిలింది. రెండు నిమిషాల్లో సైటు పడిపోయింది. ఇప్పుడైనా కళ్ళు తెరుస్తారనుకున్నాం.

"మీ చెయ్యి పడబట్టేనండి" అన్నారాయన. ఆవిడ ఆ గది గుమ్మం తొక్కకూడదన్నారు. ఇలాంటివాడు పదిమందికి చదువు చెప్పిస్తాడట, మన ఖర్మ. పిల్లల కోసం నోరు మూసుకుని ఆవిడ తన మిషన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది.

ఆ వానాకాలంలో పాతదాని డిస్కు పోయింది. ఫ్యాను తిరుగుతోంది, పచ్చలైటు వెలుగుతోంది, లోపల మాత్రం ఏమీ లేదు. సూర్యకళ ఎవరికీ చెప్పలేదు. తన దగ్గరున్న కాపీలతో సైటంతా తన మిషన్లోనే నిలబెట్టి, ఆ తర్వాతి ఫలితాలూ అందులోంచే ఇచ్చింది. రాజుగారి శుక్రవారాలు మాత్రం తప్పలేదు.

రెండేళ్ళకి నాకొక్కడికి చెప్పింది. ఇన్నాళ్ళూ శవానికి హారతిస్తున్నాడా ఆయన, వెళ్ళి మొహం మీద చెప్పండి అని నేనే రెచ్చిపోయాను. ఆవిడ మానిటరు మీంచి కళ్ళెత్తలేదు.

"చెబితే నాదాన్ని అపశకునమని బయట పారేయిస్తారు సార్. పిల్లలకి ఫలితాలు ఎవరు చూపిస్తారు? ఆయన్ని అక్కడే దణ్ణాలు పెట్టుకోనివ్వండి. అటున్నంతసేపూ ఇటు రారు."